అమ్ములుకి, నువ్వు చేయబోయే ల్యాంపు గురించి

అమ్ములూ,

నీ మెసేజ్, దాంతోపాటు పంపిన స్కెచ్‌లు చూశాను. డిజైన్ క్లాసుకి చేత్తో ఒక టేబుల్ ల్యాంపు చేసి చూపించాలి, ఆరు వారాలే టైముంది, టెన్షన్‌గా ఉంది అన్నావు. అంత టెన్షన్ పడాల్సిన పని కాదు. అలాగని చివరి వారం కూర్చుని లాగించేసే పనీ కాదు. వర్క్‌షాపులో ఏళ్ల తరబడి పిల్లల చేత ఇలాంటివి చేయించినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఉత్తరం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

స్కెచ్‌ల్లో నీ గీత బాగుంది. విచ్చుకున్న పువ్వులాంటిది, మెలితిరిగిన స్తంభంలాంటిది, పిట్టగూడులాంటిది, మూడూ ముచ్చటగా ఉన్నాయి. కానీ ఏ బొమ్మలోనూ బల్బు ఎక్కడ ఉంటుందో నువ్వు గీయలేదు. వెలుగు ఎటు పోతుందో, టేబుల్ మీద ఎంతమేర పడుతుందో, ఎదురుగా కూర్చున్నవాళ్ల కంటికి ఏం కనిపిస్తుందో కూడా లేదు. పగటిపూట, ఆర్పేసి ఉన్న ల్యాంపుని చూస్తూ గీసినట్టున్నాయి. దాదాపు అందరూ ఇక్కడే మొదలుపెడతారు. నువ్వు మాత్రం వెలుగు దగ్గర మొదలుపెట్టు. ముందు ఎలాంటి వెలుగు కావాలో తేల్చుకుంటే, దానికి ఏ ఆకారం కావాలో ఆ తర్వాత నువ్వే కనిపెడతావు.

అందుకని మొదటి వారం పెన్సిలు పక్కన పెట్టు. వైరు, ప్లగ్గు, స్విచ్, హోల్డరు కలిపి తయారుగా దొరికే సెట్ ఒకటి, 8 లేదా 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి తెచ్చుకో. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పేసి టేబుల్ ముందు కూర్చుని, చుట్టూ ఏ అడ్డూ లేకుండా ఆ బల్బు వెలిగించు. ముందు కళ్లు చికాకు పడతాయి. దాన్నే గ్లేర్ అంటాం. షేడ్ పెట్టేది ముఖ్యంగా దీన్ని ఆపడానికే. హోల్డరు పట్టుకుని బల్బుని పైకీ కిందికీ జరుపుతూ, పుస్తకంలో అక్షరాలు ఎక్కడ హాయిగా కనిపిస్తున్నాయో చూడు. 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నదాన్ని 60కి లేపితే కింద పడే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. ఫిజిక్స్‌లో చదువుకున్నదే, కానీ కంటితో చూస్తే గానీ ఒంటబట్టదు.

తర్వాత బల్బుకి ఒక పక్కన తెల్ల కాగితం పట్టుకో. రెండో పక్క టేబుల్ మీద వెలుగు ఎంత పెరిగిందో గమనించు. అదే చోట నల్ల కాగితం పెట్టి చూడు. షేడ్ లోపలివైపు రంగు ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది. ట్రేసింగ్ పేపరు ఒకటి తీసుకుని బల్బుకి 2 సెంటీమీటర్ల దూరంలో పెడితే మధ్యలో కళ్లు చెదిరే మచ్చ, చుట్టూ మసక. అదే కాగితాన్ని 10 సెంటీమీటర్లు వెనక్కి తెస్తే కాగితమంతా సమంగా వెలుగుతుంది. పలచటి నూలు బట్ట ఒక పొర, రెండు పొరలు పెట్టి చూడు. అట్టకి చిల్లులు పొడిచి గోడ మీద నీడలు చూడు. పాల రంగు బల్బు పెడితే నీడల అంచులు మసకబారతాయి, లోపలి వెలుగు బిందువు చిన్నగా ఉండే బల్బు పెడితే గీసినట్టు పడతాయి. నీ పిట్టగూడు ఐడియా నిలబడుతుందా లేదా అన్నది దీనిమీదే ఆధారపడి ఉంది. ప్రతిదానికీ ఫోన్‌తో ఫొటో తీసి, కింద దూరాలు రాసి పెట్టుకో. స్కెచ్ బుక్కులో ఈ పేజీలే నీ టీచర్లు ఎక్కువసేపు చూస్తారు.

ఆ పని చేస్తూనే ఈ ల్యాంపు ఎవరికి, ఏ పని కోసం అన్నది తేల్చుకో. చదువుకోవడానికా, మంచం పక్కన పెట్టుకోవడానికా, గది మూలన కాస్త వెచ్చటి వెలుగు కోసమా? మూడూ మూడు వేర్వేరు వస్తువులు. చదివే చోట, రాసే చోట 500 లక్స్ (ఒక చోట పడే వెలుగుకి కొలత) వెలుగు ఉండాలన్నది ఆఫీసుల లైటింగ్‌కి వాడే ప్రమాణం. ఫోన్‌లో లక్స్ చూపించే యాప్‌లు ఉన్నాయి, కచ్చితంగా చూపించవు గానీ రెండు చోట్లని పోల్చుకోవడానికి పనికొస్తాయి. మంచం పక్కన అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు, పక్కన పడుకున్నవాళ్ల మొహం మీద పడకపోవడం అక్కడ ముఖ్యం. పెద్దవాళ్ల కోసం చేస్తుంటే ఇంకో సంగతి. వయసు మీదపడ్డ కంటికి వెలుగూ ఎక్కువ కావాలి, గ్లేర్ బాధా ఎక్కువే. నాలాంటివాళ్లని ఒకరిని ఆ బల్బు ముందు కూర్చోబెట్టి అడుగు. నీ కంటికి తెలియనిది వాళ్లు చెబుతారు.

ఈ విషయంలో పాఠం నేర్చుకోదగ్గ మనిషి డెన్మార్క్‌కి చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్. నూనె దీపాల మెత్తటి వెలుగులో పెరిగినవాడు కావడంతో, కరెంటు బల్బు నేరుగా కళ్లలోకి కొట్టడం ఆయనకి నచ్చలేదు. ఎటు నుంచి చూసినా బల్బు కనపడకూడదు, వెలుగు మాత్రం వృథా కాకూడదు అని పట్టుబట్టి, 1920ల మధ్యలో ఒకదానికింద ఒకటి మూడు షేడ్లు అమర్చే పద్ధతి తయారుచేశాడు. షేడ్ల వంపుని లాగరిథమిక్ స్పైరల్ (విచ్చుకుంటూ పోయే ఒక చుట్ట గీత) లెక్కతో గీశాడు. 1958లో వచ్చిన ఆయన పీహెచ్ 5 ల్యాంపు కూడా ఆ ఆలోచనే. ఆ ల్యాంపుల ఫొటోలు కాదు, సెక్షన్ డ్రాయింగులు, అంటే ల్యాంపుని నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో చూపే బొమ్మలు, వెతికి చూడు. బల్బు నుంచి బయల్దేరిన వెలుగు ఏ షేడ్‌కి తగిలి ఎటు తిరుగుతుందో గీతలు గీసి ఉంటాయి. ఆకారమంతా ఆ గీతల్లోంచి వచ్చిందే.

నువ్వూ అలాంటి సెక్షన్ ఒకటి అసలు సైజులో గియ్యి. పెద్ద కాగితం గోడకి అంటించి, టేబుల్ అంచుని అడ్డంగా గీసుకో. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను టేబుల్‌కి సుమారు 40 నుంచి 50 సెంటీమీటర్ల పైన ఉంటుంది. ఆ చోట చుక్క పెట్టు. నిలబడ్డ మనిషి కన్ను దగ్గర ఇంకో చుక్క. ఇప్పుడు రెండు చుక్కల నుంచీ బల్బుకి గీతలు లాగు. రెండు గీతలకీ షేడ్ ఎక్కడో ఒకచోట అడ్డు తగలాలి. తగలకపోతే షేడ్‌ని కిందికి దించుతావా, బల్బుని లోపలికి జరుపుతావా, పైభాగాన్ని మూస్తావా అన్నది నీ డిజైన్. కూర్చున్నవాళ్ల సంగతి అందరూ చూసుకుంటారు, పై నుంచి బల్బు కనిపించే సంగతి మర్చిపోతారు. బల్బు నుంచి టేబుల్ మీదికి కూడా గీతలు లాగితే వెలుగు వలయం ఎంత వెడల్పు వస్తుందో ముందే తెలిసిపోతుంది.

బల్బు ఎంచుకునేటప్పుడు వాట్లు చూడకు, ల్యూమెన్లు చూడు. వాట్లు అది తినే కరెంటు, ల్యూమెన్లు అది ఇచ్చే వెలుగు. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చే వెలుగు సుమారు 800 ల్యూమెన్లు, ఇప్పుడు దాన్ని 8, 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. మంచం పక్కకి 250 నుంచి 400 ల్యూమెన్లు చాలు. రంగు కెల్విన్లలో ఉంటుంది, 2700 అంటే పసుపు ఛాయ ఉన్న వెచ్చటి వెలుగు, 4000 తటస్థం, 6500 నీలి ఛాయ. కాగితం, కర్ర, బట్ట వాడేదానికి 2700 దాటొద్దనే నేనంటాను. 6500లో మంచి కర్ర కూడా పాలిపోయి కనిపిస్తుంది. పెట్టె మీద సీఆర్‌ఐ అని ఉంటుంది, 90 పైన ఉన్నది దొరికితే తీసుకో, రంగులు ఉన్నవున్నట్టు కనిపిస్తాయి. ఇంకోటి, కింద సగం ప్లాస్టిక్ దిమ్మెలా ఉండే మామూలు ఎల్‌ఈడీ బల్బు వెలుగుని ఎక్కువగా ముందుకే చిమ్ముతుంది. దాన్ని నిలువుగా పైకి పెడితే షేడ్ కింది భాగం వెలవెలబోతుంది. చుట్టూ సమంగా వెలగాలంటే ఎల్‌ఈడీ ఫిలమెంట్ బల్బు పెట్టుకో. బల్బు ఏదో ఖాయమయ్యాకే మిగతా కొలతలు ఖాయం చెయ్యి. మధ్యలో బల్బు మారిస్తే సెక్షన్ మళ్లీ గీయాల్సిందే.

ఎల్‌ఈడీ స్ట్రిప్ వాడాలనిపిస్తే దాని చిక్కు చుక్కలు. మీటరుకి 60 ఎల్‌ఈడీలు ఉన్న స్ట్రిప్‌లో ఒక్కోదానికి మధ్య దూరం దాదాపు 17 మిల్లీమీటర్లు. ముందున్న కాగితమో అక్రిలిక్కో కనీసం అంత దూరంలో లేకపోతే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి.

ఇక షేడ్. మొదటిసారి చేస్తున్నావు కాబట్టి కాగితమే వాడమంటాను. చవగ్గా వస్తుందని కాదు. వెలుగు తగిలినప్పుడు కాగితం ప్రవర్తించినంత చక్కగా ఇంకేదీ ప్రవర్తించదు. శిల్పి ఇసాము నొగుచి 1951లో జపాన్‌లోని గిఫు అనే ఊళ్లో కాగితపు లాంతర్ల పని చూసి, అదే కాగితంతో, అవే వెదురు బద్దలతో అకారి ల్యాంపులు మొదలుపెట్టాడు. ఇప్పటికీ అవి చేత్తోనే తయారవుతున్నాయి.

కోను ఆకారపు షేడ్‌ని కాగితం మీద ఎలా గీయాలో చాలామందికి తెలియదు. వంపు లేని తిన్నటి పట్టీ కత్తిరించి చుట్టి, ఎందుకు సరిపోవడం లేదని బాధపడతారు. లెక్క తేలికే. పైన వ్యాసం 10 సెంటీమీటర్లు, కింద 20, వాలు పొడుగు 18 అనుకుందాం. వ్యాసార్ధాలు 5, 10. కింది వ్యాసార్ధాన్ని వాలు పొడుగుతో గుణించి, రెండు వ్యాసార్ధాల తేడాతో భాగించు. 10ని 18తో గుణిస్తే 180, దాన్ని 5తో భాగిస్తే 36. అంటే బయటి వంపు 36 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గీయాలి. అందులోంచి వాలు పొడుగు 18 తీసేస్తే లోపలి వంపు 18. ఇక కోణం, 360ని 10తో గుణించి 36తో భాగిస్తే సరిగ్గా 100 డిగ్రీలు. దారానికి పెన్సిలు కట్టి ఒకే కేంద్రం నుంచి రెండు వంపులూ గీసి, 100 డిగ్రీలు కొలిచి, అతుక్కోసం ఒక పక్కన 1 సెంటీమీటరు వదిలి కత్తిరించు. ముందు పాత అట్ట మీద చేసి చూసి, ఆ తర్వాతే మంచి కాగితం మీద కత్తి పెట్టు.

కాగితానికి కూడా కర్రకి ఉన్నట్టే పోగు వరస ఉంటుంది. చేత్తో మెల్లగా వంచి చూడు, ఒకవైపు సులువుగా వంగుతుంది, రెండోవైపు మొరాయిస్తుంది. సులువుగా వంగేవైపే షేడ్ చుట్టుకునేలా చూసుకో, లేకపోతే ముడతలు పడుతుంది, అతుకు విడిపోవాలని చూస్తుంది. అతుకు పగలు కనపడదు, లైటు వేయగానే నల్లటి చారలా బయటపడుతుంది, అక్కడ కాగితం రెండు పొరలు కదా. ఆ చారని దాచలేవు. దాన్ని సరిగ్గా వెనకవైపుకి, స్తంభం ఉన్నచోటుకి తెచ్చి అంచు నిటారుగా, సన్నగా ఉండేలా చూసుకో. లేదా అతుకునే డిజైన్‌లో భాగం చేసుకుని చుట్టూ సమాన దూరాల్లో అలాంటి చారలు ఇంకొన్ని వేసుకో. జిగురు కూడా అంతే, ఎక్కువైన చోట మరకలా కనిపిస్తుంది. తెల్ల జిగురుని పలచగా బ్రష్‌తో రాసి, పైన బరువు పెట్టి, పూర్తిగా ఆరనివ్వు. గ్లూ గన్ జోలికి పోకు. ఆ జిగురు వేడికి మెత్తబడుతుంది, ల్యాంపు వెలిగిన కాసేపటికి అతుకులు జారతాయి. పని చేస్తున్నంతసేపూ చేతులు కడుక్కుంటూ ఉండు. వేలిముద్ర కూడా వెలుగులో కనిపిస్తుంది.

వేరే మెటీరియల్ వాడాలని ఉంటే వద్దనను. వెనీర్ అనే పలచటి కర్ర పొరలోంచి వచ్చే వెలుగు చాలా అందంగా, ఎర్రగా ఉంటుంది, అయితే వెలుగు చాలావరకు అందులోనే ఆగిపోతుంది, చదువుకోవడానికి చాలదు. త్రీడీ ప్రింట్ చేస్తే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, బల్బు మెడకి తగలకుండా చూసుకో. లేజర్ కట్టింగ్‌కి ఇస్తుంటే పీవీసీ షీటు ఎప్పుడూ పెట్టొద్దు, కోస్తుంటే విష వాయువు వస్తుంది, మెషీనూ పాడవుతుంది. ప్లైవుడ్‌లో గాడి కోసి ఒకదాన్లో ఒకటి దూర్చే డిజైన్ అయితే షీటు మీద రాసిన మందాన్ని నమ్మకు. 3 మిల్లీమీటర్లని రాసినది 2.7 కూడా ఉండొచ్చు. చేతిలో ఉన్న షీటునే కొలిచి, చిన్న ముక్కల మీద రెండు మూడు గాడి వెడల్పులు కోయించి బిగువు చూశాకే మొత్తం కోయించు.

మాకప్, అంటే అట్టతో చేసి చూసుకునే నమూనా, తప్పకుండా అసలు సైజులోనే చెయ్యి. కుర్చీ అయితే చిన్న మోడల్ చేసి కొంత తెలుసుకోవచ్చు. ల్యాంపుని సగం సైజులో చేస్తే ఏమీ తెలియదు, బల్బు సగం సైజు అవదు కాబట్టి. పాత అట్టపెట్టెలు, డ్రాయింగ్ షీట్లు, మాస్కింగ్ టేపు చాలు. ఒక సాయంత్రంలో ఒక మాకప్ అయిపోవాలి. అందంగా చేయాలని కూర్చుంటే దాన్ని పారేయడానికి మనసొప్పదు, అప్పుడు డిజైన్ అక్కడే ఆగిపోతుంది. నీ మూడు స్కెచ్‌లకీ మూడు మాకప్‌లు చేసి, చీకట్లో వెలిగించి పక్కపక్కన పెట్టు. కాగితం మీద నీకు బాగా నచ్చినదే వెలిగించినప్పుడు కూడా నచ్చుతుందని నేను చెప్పలేను.

దిమ్మె బరువు లెక్క ముందే వేసుకో. నిలువుగా ఉండే ల్యాంపుకి పెద్ద సమస్య లేదు. చెయ్యి చాచినట్టు ముందుకి వాలే ల్యాంపు అయితే ఇది తక్కెడ లాంటిది, దిమ్మె అంచే దాని ఇరుసు. తలభాగం 300 గ్రాములు, దిమ్మె మధ్య నుంచి 40 సెంటీమీటర్లు ముందుకి ఉంది, దిమ్మె వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు అనుకో. అంచు దాటి 30 సెంటీమీటర్లు బయట 300 గ్రాములు వేలాడుతున్నాయి. దాన్ని నిలబెట్టడానికి దిమ్మె 900 గ్రాములు ఉండాలి, అదీ పడీపడనట్టు. చెయ్యి బరువు కూడా కలుపుకుని కనీసం రెట్టింపు పెట్టుకో. కర్ర దిమ్మె అంత బరువు రాదు, అడుగున తొలిచి ఇనప ముక్క కూర్చి పైన ఫెల్ట్ గుడ్డ అంటించు. ఎత్తు మార్చుకునే కీళ్లున్న చెయ్యి పెట్టాలన్న కోరిక ఉంటే ఈసారికి మానుకో. 1932లో జార్జ్ కార్‌వర్డైన్ పేటెంట్ తీసుకున్న స్ప్రింగుల చెయ్యి చూడ్డానికి సులువుగా ఉంటుంది, కానీ ఆయన కార్ల సస్పెన్షన్ల మీద పనిచేసిన ఇంజనీరు. ఆరు వారాల్లో కీలు బిగువు కుదర్చడమే సరిపోతుంది, వెలుగు సంగతి చూసే టైముండదు.

కర్ర స్తంభంలోంచి వైరు దించడం అందరూ భయపడే పని. 30 సెంటీమీటర్ల కర్రకి ఒకవైపు నుంచే చిల్లు వేసుకుంటూ పోతే డ్రిల్ బిట్టు పోగు వెంట పక్కకి జారి ఎక్కడో పక్కలోంచి పొడుచుకొస్తుంది. రెండు చివర్ల నుంచీ వేస్తే మధ్యలో కలుస్తాయన్న నమ్మకం లేదు. నేను చెప్పే పద్ధతి ఇది. కర్రని నిలువునా రెండు చెక్కలుగా కోయించి, లోపలి ముఖాలని చిత్రిక పట్టి చదును చెయ్యి. రెండింటిలోనూ మధ్యలో ఉలితోనో, రూటర్ అనే గాడి తీసే మెషీనుతోనో అర అంగుళం వెడల్పు గాడి తియ్యి. గాడిలో ఒక లావు తాడు పెట్టి, రెండు చెక్కలకీ జిగురు రాసి, క్లాంపులు బిగించు. జిగురు తడిగా ఉండగానే ఆ తాడుని అటూ ఇటూ లాగుతూ బయటికి తీసెయ్యి, గాడిలోకి పొంగిన జిగురు దానితోపాటు వచ్చేస్తుంది. ఒకే కర్రలోంచి కోసిన చెక్కలు కాబట్టి పోగులు కలిసిపోయి అతుకు కనపడదు. ఆరాక బయట నీకు కావలసిన ఆకారం చెక్కుకో.

కరెంటు దగ్గర మాత్రం నా మాట కచ్చితంగా వినాలి. గోడ ప్లగ్గులో వచ్చే కరెంటు ప్రాణం తీస్తుంది. నీకు వైరింగ్ అలవాటు లేకపోతే, భద్రతా గుర్తున్న అడాప్టర్‌తో నడిచే 5 వోల్టుల లేదా 12 వోల్టుల ఎల్‌ఈడీతో చెయ్యి. అది తక్కువ స్థాయి పని అని ఎవరైనా అంటే పట్టించుకోకు. మామూలు బల్బే కావాలనుకుంటే, ఇందాక చెప్పిన తయారీ సెట్‌నే ల్యాంపులో అమర్చుకో. వైరు ఎక్కించడానికి విప్పాల్సి వస్తే తిరిగి బిగించేటప్పుడు ఈ సంగతులు చూసుకో. మర హోల్డరు అయితే ఫేజు వైరు అడుగున మధ్యనున్న కాంటాక్ట్‌కి వెళ్లాలి, న్యూట్రల్ మర భాగానికి. తారుమారైతే బల్బు మార్చేటప్పుడు వేలికి తగిలే భాగంలోనే కరెంటు ఉంటుంది. స్విచ్ ఎప్పుడూ ఫేజు మీదే ఉండాలి. రంగులు దేశాన్ని బట్టి మారతాయి. చాలాచోట్ల ఫేజు గోధుమరంగు, న్యూట్రల్ నీలం, ఎర్త్ ఆకుపచ్చ పసుపు చారలు. మీ దగ్గర ఏవి వాడతారో ల్యాబ్‌లో అడిగి నిర్ధారించుకో. ల్యాంపు ఒళ్లు లోహం అయితే ఎర్త్ తప్పనిసరి, మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి.

వైరు చివర తొక్క తీసేటప్పుడు రాగి పోగుల్లో ఒక్కటి కూడా తెగకూడదు. పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి స్క్రూ కింద దూర్చాక, బయట ఒక్క పోగు కూడా వేలాడకూడదు. అది పక్క స్క్రూకి తగిలితే షార్ట్. ఎవరైనా వైరు తట్టుకుని లాగితే ఆ లాగుడు స్క్రూల మీద పడకూడదు, అందుకు హోల్డరులోనూ దిమ్మె దగ్గరా వైరుని పట్టి ఉంచే క్లిప్పు పెట్టాలి. వైరు దూరే ప్రతి చిల్లు అంచునీ ఆకురాయితో నున్నగా చేసి, లోహమైతే గ్రామెట్ అనే రబ్బరు రింగు వెయ్యి. పదునైన అంచు మెల్లగా తొక్కని కోసేస్తుంది. ప్లగ్గు పెట్టకముందే మల్టీమీటర్‌తో చూడు. ఆ తర్వాత కూడా ల్యాబ్ టెక్నీషియన్ చూసి సరే అనకుండా ప్లగ్గు పెట్టొద్దు.

ఫినిషింగ్‌కి కర్ర అయితే అవిసె నూనె అందంగా ఉంటుంది. పని అయ్యాక ఆ నూనె గుడ్డలని ఉండచుట్టి మూలన పడేయకు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. విడివిడిగా పరిచి బయట ఆరబెట్టు, లేదా నీళ్లలో ముంచి పెట్టు.

ల్యాంపు పూర్తయ్యాక నువ్వు పక్కనే ఉండి నాలుగు గంటలు వెలిగించి ఉంచు. ఎల్‌ఈడీ బల్బు గాజు చల్లగా ఉన్నా మెడ భాగం వేడెక్కుతుంది, ఆ వేడి పోవడానికి షేడ్‌కి కిందా పైనా దారి ఉండాలి. ప్లగ్గు తీశాక షేడ్‌ని, హోల్డరు చుట్టూ ముట్టుకుని చూడు, ఏదైనా అతుకు వదులైందేమో చూడు. తర్వాత ఒక పలకని కొంచెం వాలుగా పెట్టి దాని మీద ల్యాంపుని నాలుగు వైపులా తిప్పి నిలబెట్టు. టేబుల్ అంచున పెట్టి వైరుని మెల్లగా లాగి చూడు. పడిపోబోతే వైరు బయటికొచ్చే చిల్లుని ఇంకా కిందికి మార్చాలి.

చేతిపని అనగానే గీతలు, గరుకు, వంకర ఉంటేనే చేత్తో చేసినట్టు అనుకునేవాళ్లున్నారు. నేనొప్పుకోను. 1924లో జర్మనీలోని బౌహౌస్ డిజైన్ స్కూలు లోహపు వర్క్‌షాపులో విల్హెల్మ్ వాగెన్‌ఫెల్డ్, కార్ల్ యాకోబ్ యుకర్ చేసిన గాజు ల్యాంపు చూడు. గుండ్రటి దిమ్మె, స్తంభం, పాలగాజు గుమ్మటం, అంతే. యంత్రంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది, చేసింది మాత్రం చేత్తోనే, అప్పటికి వాళ్లూ నీలా నేర్చుకుంటున్నవాళ్లే. శుభ్రంగా చేయడం కూడా చేతిపనే.

టైము సంగతి. ఒక వారం వెలుగు ప్రయోగాలకి, ఒకటిన్నర వారాలు మాకప్‌లకి, రెండు వారాలు తయారీకి పెట్టుకుంటే, మిగిలినవి జిగురు ఆరడానికి, పరీక్షలకి, ఫొటోలకి సరిపోతాయి. ఫొటోలు రెండు రకాలు తియ్యి, పగటి వెలుగులో ఆర్పినది ఒకటి, చీకటి గదిలో వెలిగించినది ఒకటి. రెండో దానికి ఫోన్ తెరమీద షేడ్ దగ్గర వేలుపెట్టి ఎక్స్‌పోజర్ తగ్గించు, లేకపోతే షేడ్ తెల్లగా మాడిపోయి నీ పనేదీ కనపడదు. రివ్యూ రోజు ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇంకో బల్బు, గోడకి అంటించి గీసిన ఆ పెద్ద సెక్షన్ కాగితం తీసుకెళ్లు. మాట్లాడటం మొదలుపెట్టే ముందు గదిలో లైట్లు ఆర్పమని అడుగు. బల్బు ఎలా మార్చాలో వాళ్ల ముందే మార్చి చూపించు. షేడ్ చింపకుండా బల్బు తీయలేకపోతే ఆ సంగతి ముందే తెలుసుకుని సరిదిద్దుకో.

మాకప్‌లయ్యాక ఏది ఎంచుకున్నావో, ఎందుకు ఎంచుకున్నావో రాయి. హోల్డరు బిగించేరోజు మాత్రం వీడియో కాల్ చెయ్యి, రాత్రి ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు. మూత వేయకముందు స్క్రూలు నేను చూడాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న